ఎంత కడిగినా పోని వాసన: తిరగబెట్టే బాక్టీరియల్ వెజైనోసిస్, ఒక కేసు

కుర్చీలో కూర్చోకముందే ఆమె చేతిలోని ప్లాస్టిక్ కవరు నా టేబుల్ మీద పెట్టింది. అందులో పద్నాలుగు నెలల ప్రిస్క్రిప్షన్లు, సగం వాడి వదిలేసిన ట్యూబులు, రెండు ల్యాబ్ రిపోర్టులు, ఒక ఇంటిమేట్ వాష్ సీసా ఉన్నాయి.

"వీటిలో ఏదీ పనిచెయ్యలేదు మేడం. మీరు రాసేది వీటిలో లేనిది అయ్యుండాలి" అంది.

చివరికి నేను మొదట రాసిన మందు ఆ కవరులో ఉన్నదే. తేడా వచ్చింది మందు దగ్గర కాదు. ఈ కేసులో నేనొక తప్పు చేశాను, ఏళ్ల తరబడి పేషెంట్లకు చెప్తూ వచ్చిన ఒక మాట వెనక్కి తీసుకున్నాను. అందుకే ఇది పూర్తిగా రాసుకోవాలనిపించింది. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు మార్చాను.

ఆమె చెప్పింది

వయసు 31. ఒక కాన్పు, నార్మల్ డెలివరీ. రెండేళ్లుగా కాపర్-టి ఉంది. షుగర్ లేదు, పొగతాగే అలవాటు లేదు. భర్త ఉద్యోగం వేరే ఊళ్లో, మూడు నాలుగు వారాలకోసారి ఇంటికి వస్తాడు.

బాధ ఒకటే: తెల్లబట్ట, దానితో నీచు వాసన. దురద చాలా తక్కువ. మంట లేదు, పొత్తికడుపు నొప్పి లేదు, జ్వరం లేదు. కానీ ఆ వాసన ఆమె రోజువారీ బతుకును మార్చేసింది. ఆఫీసు మీటింగుల్లో తలుపు పక్క కుర్చీ చూసుకుని కూర్చుంటుంది. నెలసరి లేని రోజుల్లో కూడా ప్యాడ్ పెట్టుకుంటుంది. భర్త వచ్చే రోజు దగ్గర పడుతుంటే టెన్షన్ మొదలవుతుంది.

వాసన ఎప్పుడు ఎక్కువగా ఉంటుందని అడిగాను.

"ఆయన వచ్చి వెళ్లాక రెండు మూడు రోజులు. మళ్లీ పీరియడ్స్ అప్పుడు."

ఈ జవాబు కింద రెండు గీతలు గీసుకున్నాను. యోని మామూలుగా పుల్లగా, అంటే ఆమ్ల గుణంతో ఉంటుంది. వీర్యం క్షార గుణం కలది, రక్తం కూడా ఇంచుమించు అంతే. బాక్టీరియల్ వెజైనోసిస్ అనే ఈ సమస్యలో బాక్టీరియా తయారుచేసే అమైన్లనే పదార్థాలు క్షారం తగలగానే ఆవిరై బయటికి వస్తాయి. నీచు వాసన వాటిదే. కలయిక తర్వాత, నెలసరిలో వాసన పెరుగుతోందని ఒక స్త్రీ చెబితే రోగ నిర్ధారణ సగం ఆమే చేసిపెట్టినట్టు. మిగతా సగానికి చిన్న కాగితం ముక్క, ఒక చుక్క ద్రావణం, మైక్రోస్కోప్ ఉంటే చాలు.

కవరులోని కాగితాలు తేదీల వారీగా పేర్చి చూశాను. ఫంగస్ మందు ఫ్లూకోనజోల్ 150 మిల్లీగ్రాముల మాత్ర నాలుగు సార్లు. ఇంకో ఫంగస్ మందు క్లోట్రిమాజోల్ లోపల పెట్టుకునే బిళ్లలు రెండు సార్లు. మూడు రకాల మాత్రలు కలిపి ఇచ్చే కిట్ ఒకసారి. స్వాబ్ కల్చర్‌లో (దూదిపుల్లతో తీసిన స్రావాన్ని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షలో) 'ఈ కోలై' అనే బాక్టీరియా పెరిగిందని అయిదు రోజుల యాంటీబయోటిక్. ఒక్కసారి మాత్రం ఈ సమస్యకు వాడే మెట్రోనిడాజోల్ ఏడు రోజులకు రాశారు. అది మూడు రోజులు వేసుకుంది, వాసన తగ్గింది, వికారంగా ఉందని మానేసింది.

ఏ ఒక్క కాగితం మీదా పీహెచ్, అంటే స్రావం ఎంత ఆమ్లమో చెప్పే అంకె, రాసి లేదు. స్లైడు చూసినట్టు కూడా లేదు. ఆ డాక్టర్లను తప్పుపట్టే అర్హత నాకుందో లేదో ఇంకొంచెం కిందికి చదివితే మీకే తెలుస్తుంది. తెల్లబట్ట అనగానే ఫంగస్ మందు రాయడం రద్దీగా ఉండే ఓపీలో చెయ్యి తనంతట తాను చేసే పని. కల్చర్ సంగతి మాత్రం చెప్పాలి. ఏ జబ్బూ లేని స్త్రీల యోనిలో కూడా ఈ కోలై ఉంటుంది, ఈ సమస్యలో పెరిగిపోయే గార్డ్‌నరెల్లా కూడా ఉంటుంది. ఈ సమస్యను తేల్చడానికి మామూలు కల్చర్ పనికిరాదు. పైగా అనవసరమైన యాంటీబయోటిక్‌కు దారితీస్తుంది.

పరీక్ష

ఆమె వచ్చింది నెలసరి చివరి రోజున. రక్తం ఉండగా పీహెచ్ చూస్తే లెక్క తప్పుతుంది. నాలుగు రోజులాగి రమ్మన్నాను. అప్పటిదాకా కలయిక వద్దు, లోపల ఏ క్రీమూ పెట్టొద్దు, లోపల కడగొద్దు అన్నాను.

"ఇవాళ కూడా మందు లేదా?" అంది. కోపం వచ్చింది, దాచుకోలేదు. అయినా నాలుగో రోజు వచ్చింది.

యోనిని తెరిచి చూసే స్పెక్యులమ్‌ను జెల్ రాయకుండా గోరువెచ్చటి నీళ్లతో తడిపి వాడాను. కొన్ని జెల్స్ కూడా పీహెచ్‌ను మారుస్తాయి. స్రావం పలచగా, బూడిద ఛాయ కలిసిన తెలుపు రంగులో, గోడల మీద పాలు పూసినట్టు సమంగా పరుచుకుని ఉంది. గోడలు ఎర్రబడలేదు, వాపు లేదు. గర్భాశయ ముఖద్వారం శుభ్రంగా ఉంది, కాపర్-టి దారాలు కనిపిస్తున్నాయి. చేత్తో పరీక్షిస్తే గర్భాశయం దగ్గర నొప్పి లేదు.

పక్క గోడ నుంచి తీసిన స్రావాన్ని పీహెచ్ పేపర్ మీద అద్దితే 5.5 చూపింది. మామూలుగా 4.5 దాటకూడదు. ముఖద్వారం దగ్గరి జిగురు తీసుకుంటే తప్పుడు అంకె వస్తుంది, అందుకే పక్క గోడే. తర్వాత స్లైడు మీద 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షార ద్రావణం ఒక చుక్క వేశాను. వాసన నాకంటే ముందు నర్సుకి తెలిసింది.

ఇంకో స్లైడు సెలైన్‌తో. మైక్రోస్కోప్ కింద యోని గోడ కణాలు చాలావరకు అంచులే తెలియనంతగా సూక్ష్మజీవులతో నిండి ఉన్నాయి, పైన ఇసుక జల్లినట్టు. వీటినే క్లూ కణాలంటారు. అయిదింట ఒక కణానికి పైన అలా ఉంటే లెక్కలోకి తీసుకుంటాం. ఈమెకు సగానికి పైనే ఉన్నాయి. ఉండాల్సిన మంచి బాక్టీరియా, పొడవాటి లాక్టోబాసిల్లస్ కడ్డీలు, వెతికితే ఒకటో రెండో. తెల్ల రక్తకణాలు తక్కువ. కదిలే ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి లేదు, ఫంగస్ పోగులు లేవు.

1983లో ఆమ్సెల్, ఆయన సహచరులు పెట్టిన నాలుగు గుర్తులు ఇవే: పలచటి ఒకే తీరు స్రావం, 4.5 దాటిన పీహెచ్, ద్రావణం వేస్తే వాసన, క్లూ కణాలు. మూడుంటే చాలు, ఈమెకు నాలుగూ ఉన్నాయి. స్లైడుకు రంగు పట్టించి (గ్రామ్ స్టెయిన్), బాక్టీరియా రకాలను చూసి వేసే న్యూజెంట్ స్కోర్ కూడా తెప్పించాను, 8 వచ్చింది. ఏడు నుంచి పది దాకా వస్తే బాక్టీరియల్ వెజైనోసిస్ అని అర్థం. నిజానికి ఆ స్కోర్ లేకుండానే వైద్యం మొదలుపెట్టవచ్చు. పద్నాలుగు నెలల కథ కాబట్టి కాగితం మీద ఒక ఆధారం ఉండాలనుకున్నాను.

క్లమీడియా, గనేరియా, ట్రైకోమోనాస్ అనే మూడు సుఖవ్యాధులకూ జన్యు పద్ధతిలో చేసే పరీక్షకు స్వాబ్ పంపాను. ట్రైకోమోనాస్ స్లైడు మీద చాలాసార్లు కనబడకుండా తప్పించుకుంటుంది. దానిలోనూ పీహెచ్ పెరుగుతుంది, వాసన వస్తుంది, కాబట్టి స్లైడును నమ్ముకుని వదిలేయకూడదు. హెచ్ఐవీ, సిఫిలిస్ రక్త పరీక్షలు కూడా. అన్నీ నెగెటివ్.

ఆమెకు ఎలా చెప్పాను

"ఇన్ఫెక్షనా మేడం? ఎవరి దగ్గర్నుంచి వచ్చింది?" అని అడిగింది. ఈ ప్రశ్న అడగడానికి ఆమెకు ఎంత ధైర్యం కావాల్సి వచ్చిందో గొంతులో తెలుస్తోంది.

యోనిలో మంచి బాక్టీరియా ఉంటుందని, అందులో ముఖ్యమైనవి లాక్టోబాసిల్లస్ జాతివని చెప్పాను. గోడ కణాల్లో నిలవ ఉండే గ్లైకోజన్ విరిగితే వచ్చే చక్కెరలు వాటికి తిండి. అవి తిని లాక్టిక్ ఆమ్లం వదులుతాయి. ఆ పులుపే లోపలి కాపలా. ఏ కారణంతోనో ఆ లాక్టోబాసిల్లస్ తగ్గిపోతే, అప్పటిదాకా మూలన కొద్దిగా ఉన్న గార్డ్‌నరెల్లా, ప్రివొటెల్లా, మొబిలుంకస్ లాంటివి వందల రెట్లు పెరుగుతాయి. బయటి నుంచి ఒక్క క్రిమి దాడి చేసినట్టు కాదు ఇది, ఇంట్లో ఉన్నవాళ్ల మధ్య పెత్తనం చేతులు మారినట్టు. అందుకే గోడలు ఎర్రబడవు, వాపు రాదు. వాపు ఉంటే వెజైనైటిస్ అనేవాళ్లం. లేదు కాబట్టే వెజైనోసిస్ అన్నారు.

గార్డ్‌నర్, డ్యూక్స్ అనే ఇద్దరు 1955లోనే క్లూ కణాలను వర్ణించి, ఒకే బాక్టీరియాను దీనికి కారణంగా చూపించారు. ఆ బాక్టీరియాకు తర్వాత గార్డ్‌నర్ పేరే పెట్టారు. ఒక్కటే కారణమన్న మాట మాత్రం అంత తేలిగ్గా నిలవలేదు. ఇది గుంపు వ్యవహారం. పైగా ఆ గుంపు గోడ కణాలకు అంటుకుని ఒక జిగురు పొర కట్టుకుంటుంది. మందు పైపైన ఉన్నవాటిని చంపుతుంది. పొర లోపల కొన్ని మిగిలి, కొన్ని వారాల్లో మళ్లీ లేస్తాయి. మాత్రలు పూర్తిగా వాడినవాళ్లలో కూడా ఏడాదిలోపు సగానికి పైగా మందికి తిరగబెడుతుందని ఆమెకు మొదటిరోజే చెప్పాను. ఇది ముందే చెప్పకపోతే, తిరిగి వచ్చినప్పుడు తన ఒంట్లోనే ఏదో లోపముందని అనుకుంటారు.

"ఎవరి దగ్గర్నుంచి" అన్న ప్రశ్నకు ఆ రోజు నేను చెప్పిన జవాబు: "ఇది గనేరియా లాంటి సుఖవ్యాధి కాదమ్మా. మీ ఇద్దరిలో ఎవరినీ అనుమానించాల్సింది లేదు. ఆయనకు మందు కూడా అవసరం లేదు." మొదటి రెండు వాక్యాల మీద ఇప్పటికీ నిలబడతాను. మూడోది గుర్తుపెట్టుకోండి.

కడగడం గురించి

లోపల కడుక్కుంటారా అని మొదటిసారి అడిగితే "లేదు మేడం" అంది. నాలుగో రోజు ప్రశ్న మార్చాను: "స్నానాల గదిలోకి వెళ్లాక ఏం చేస్తారో మొదటి నుంచి చెప్పండి, నేను వింటాను."

అప్పుడు చెప్పింది. రోజుకు రెండుసార్లు, వాసన ఎక్కువున్న రోజుల్లో నాలుగుసార్లు. ముందు చేతి షవర్‌తో లోపలికి నీళ్లు కొట్టుకుంటుంది. తర్వాత మగ్గు నీళ్లలో యాంటీసెప్టిక్ ద్రవం రెండు మూతలు కలిపి, దానితో వేలు పెట్టి కడుగుతుంది. చివర్లో ఇంటిమేట్ వాష్. ఆమె దృష్టిలో ఇది 'లోపల కడగడం' కాదు, శుభ్రంగా ఉండడం. కాబట్టి మొదటి జవాబులో అబద్ధం లేదు. నా ప్రశ్నే సరిగా లేదు.

ఇక్కడ ఒక వలయం ఉంది. వాసన వస్తుంది కాబట్టి కడుగుతుంది. కడిగినప్పుడల్లా మిగిలిన కాసిని లాక్టోబాసిల్లస్ కూడా కొట్టుకుపోతాయి, పులుపు తగ్గుతుంది, వాసన పెంచేవి ఇంకా పెరుగుతాయి. మర్నాడు ఇంకోసారి ఎక్కువ కడుగుతుంది. మురికి వల్ల వచ్చింది కాదు కాబట్టి శుభ్రతతో పోదు. ఈ ఒక్క మాట ఆమెకు ఎక్కడానికి మందు గురించి చెప్పడం కంటే ఎక్కువసేపు పట్టింది. "కడక్కపోతే ఇంకా వాసన రాదా?" అని మూడుసార్లు అడిగింది. బయటి భాగాన్ని మామూలు నీళ్లతో కడుక్కుంటే చాలు, లోపలికి వేలు గానీ, నీటి ధార గానీ, ఏ ద్రవం గానీ వద్దన్నాను. సీసా నా టేబుల్ మీదే వదిలేసి వెళ్లింది.

మొదటి వైద్యం, నా తప్పు

మెట్రోనిడాజోల్ రోజుకు రెండుసార్లు, ఏడు రోజులు. దేశాన్ని బట్టి 400 లేదా 500 మిల్లీగ్రాముల మాత్ర వాడతారు. నోట్లో ఇనుప రుచి వస్తుందని, మూత్రం ముదురు రంగులో వెళ్లవచ్చని, భోజనం తర్వాత వేసుకుంటే వికారం తగ్గుతుందని చెప్పాను. వాసన మూడో రోజుకే పోతుందనీ, పోయింది కదా అని ఆపొద్దనీ కూడా. క్రితంసారి ఆపింది అక్కడే. మాత్రలు పడనివాళ్లకు 0.75 శాతం మెట్రోనిడాజోల్ జెల్ అయిదు రాత్రులు లోపల పెట్టుకోవచ్చు, లేదా 2 శాతం క్లిండమైసిన్ క్రీమ్ ఏడు రాత్రులు. మూడూ దాదాపు ఒకేలా పనిచేస్తాయి. క్లిండమైసిన్ క్రీమ్ నూనె ఆధారంగా చేసింది కాబట్టి వాడినన్ని రోజులూ, ఆ తర్వాత కొన్ని రోజులూ కండోమ్‌ను బలహీనపరుస్తుంది. ఈ సంగతి చెప్పడం మర్చిపోవద్దు.

ఏడు రోజులు పూర్తిగా వాడింది. వాసన పోయిందని మెసేజ్ పెట్టింది.

పన్నెండు రోజుల తర్వాత ఫోన్. "మళ్లీ తెల్లబట్ట మొదలైంది మేడం."

ఆ రోజు వరసగా రెండు సిజేరియన్లు ఉన్నాయి. ఫోన్‌లోనే మెట్రోనిడాజోల్ జెల్ అయిదు రోజులు చెప్పేశాను. మూడో రోజుకి ఆమె కూర్చోలేని స్థితిలో వచ్చింది. దురద, మంట, బయటి భాగమంతా ఎర్రగా వాచిపోయి ఉంది. లోపల స్రావం గట్టిగా, ముద్దలు ముద్దలుగా. పీహెచ్ 4.2. పొటాషియం హైడ్రాక్సైడ్ స్లైడులో ఫంగస్ పోగులు చెట్టు కొమ్మల్లా విస్తరించి ఉన్నాయి. వాసన ఏమాత్రం లేదు.

అది కాండిడా అనే ఫంగస్. మెట్రోనిడాజోల్ కోర్సు తర్వాత కొందరిలో రావడం మాకు బాగా తెలిసిన విషయమే. అది తెలిసి కూడా, ఆమెకు పద్నాలుగు నెలలుగా ఇతరులు చేసినదాన్నే నేనూ చేశాను. చూడకుండా రాశాను. కనీసం "వాసన ఉందా, దురద ఉందా" అని అడిగినా తేలిపోయేది. ఫ్లూకోనజోల్ 150 మిల్లీగ్రాములు ఒక్క డోసుతో మూడు రోజుల్లో తగ్గింది. క్షమించమని అడిగాను. "మీరు కూడానా మేడం" అంది. నవ్వుతూనే అంది, కానీ అంది.

నిజంగా తిరగబెట్టినప్పుడు

మొదటి కోర్సు అయిన తొమ్మిది వారాలకు మళ్లీ వచ్చింది. ఈసారి నీచు వాసనే. పీహెచ్ 5.0, వాసన పరీక్ష పాజిటివ్, క్లూ కణాలు ఉన్నాయి. లోపల కడగడం పూర్తిగా మానేసింది, ఆ విషయంలో నాకు అనుమానం లేదు. భర్త పది రోజుల కింద వచ్చి వెళ్లాడు.

ఇక్కడ నా ముందున్న దారులు ఇవి. ఒకటి, మళ్లీ ఏడు రోజుల కోర్సు ఇచ్చి, ఆ తర్వాత మెట్రోనిడాజోల్ జెల్ వారానికి రెండుసార్లు చొప్పున నాలుగు నుంచి ఆరు నెలలు. ఇది వాడినంతకాలం అణిచిపెడుతుంది, ఆపాక కొందరికి తిరిగి వస్తుంది, ఫంగస్ బెడద కూడా ఎక్కువ. అప్పుడే ఫంగస్‌తో ఇబ్బంది పడిన మనిషికి అది రాయాలంటే మనసు ఒప్పలేదు. రెండు, ఆ జెల్ మొదలుపెట్టేముందు బోరిక్ యాసిడ్ 600 మిల్లీగ్రాముల క్యాప్సూల్ 21 రాత్రులు లోపల పెట్టుకోవడం. మొండి కేసుల్లో వాడతాం. కానీ నోటితో మింగితే విషం, ఇంట్లో చిన్న పిల్ల ఉంది. గర్భంతో ఉన్నప్పుడు వాడకూడదు. మూడు, కాపర్-టి తీసేయడం. అది ఉన్నవాళ్లలో, ముఖ్యంగా రక్తస్రావం ఎక్కువయ్యేవాళ్లలో, ఈ సమస్య కాస్త ఎక్కువగా కనిపిస్తుందని కొన్ని అధ్యయనాలు చెబుతున్నాయి. ఆమె తీయించుకోనంది. కాపర్-టి పెట్టించుకున్నాకే నిశ్చింతగా ఉందట, ఆ నిర్ణయం ఆమెది.

ప్రోబయోటిక్స్ సంగతి కూడా ఆమే అడిగింది. 2020లో వచ్చిన ఒక అధ్యయనంలో, మెట్రోనిడాజోల్ తర్వాత లాక్టోబాసిల్లస్ క్రిస్పాటస్ అనే ఒక ప్రత్యేక రకాన్ని యోనిలో పెట్టినప్పుడు పన్నెండు వారాల్లో తిరగబెట్టినవాళ్లు 30 శాతం, పెట్టనివాళ్లలో 45 శాతం. ఫలితం నిజమే. అయితే అందులో వాడింది ఆ ఒక్క రకాన్ని, అదీ లోపల పెట్టి. మందుల షాపులో దొరికే మింగే క్యాప్సూల్స్‌కు ఆ ఫలితాన్ని అంటగట్టలేం. అవి కొనొద్దని చెప్పలేదు, కొనమనీ చెప్పలేదు.

నాలుగో దారి భర్త.

2025 మార్చిలో ఆస్ట్రేలియా నుంచి ఒక అధ్యయనం వచ్చింది. ఒకే భాగస్వామి ఉన్న జంటలను రెండు గుంపులు చేశారు. ఒక గుంపులో స్త్రీకి మాత్రమే మందు. రెండో గుంపులో స్త్రీతోపాటు పురుషుడికి కూడా ఏడు రోజులు, మెట్రోనిడాజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండుసార్లు, దానితోపాటు 2 శాతం క్లిండమైసిన్ క్రీమ్ లింగం చర్మం మీద రోజుకు రెండుసార్లు. పన్నెండు వారాల్లో తిరగబెట్టింది స్త్రీకి మాత్రమే మందు ఇచ్చిన గుంపులో 63 శాతం, ఇద్దరికీ ఇచ్చిన గుంపులో 35 శాతం. తేడా అంత స్పష్టంగా ఉండడంతో అధ్యయనాన్ని అనుకున్నదానికంటే ముందే ఆపేశారు.

అంతకుముందు మగవాళ్లకు మందిచ్చి చూసిన అధ్యయనాల్లో లాభం కనబడలేదు. "ఆయనకు మందు అవసరం లేదు" అని నేను ఇన్నేళ్లూ చెప్పింది వాటిని చూసే. కానీ వాటిలో ఇచ్చినవి నోటి మాత్రలే. ఈ బాక్టీరియా మగవాడి మూత్రనాళంలోనే కాదు, ముందరి చర్మం కింద కూడా ఉంటుంది. అక్కడికి మాత్ర ఒక్కటే సరిపోదు, క్రీమ్ కూడా ఉండాలన్నది ఈసారి చేసిన మార్పు. ఒకే అధ్యయనం, పెద్దది కూడా కాదు. అయినా "ఆయన వచ్చి వెళ్లాక" అని ఆమె మొదటిరోజే చెప్పిన మాట నా నోట్సులో రెండు గీతలతో ఉంది. ఆ రోజు దాన్ని వీర్యం, పీహెచ్ లెక్కల్లోనే అర్థం చేసుకున్నాను. రెండో అర్థం కూడా ఉండవచ్చని తోచలేదు.

"క్రితంసారి ఆయనకు మందు అక్కర్లేదన్నాను. ఆ మాట మార్చుకుంటున్నాను" అన్నాను.

ఆమె మొహం మారిపోయింది. ఊహించిందే. "అంటే ఆయన..."

"కాదమ్మా. ఇది ఎవరో మూడో మనిషి నుంచి తెచ్చిందని కాదు. మీ ఇద్దరి మధ్యే అటూ ఇటూ తిరుగుతుంది. మీకు మందు పడి తగ్గుతుంది, ఆయన చర్మం మీద ఉండిపోయినవి మళ్లీ మీకు చేరతాయి. ఎవరి నుంచి మొదలైందో ఎవరూ చెప్పలేరు. ఆడవాళ్లతోనే సంబంధం ఉన్న ఆడవాళ్లలో కూడా ఇది ఇద్దరికీ కలిసి ఉండడం చూస్తాం."

భర్తతో నేనే మాట్లాడతానన్నాను. ఈ పని పేషెంటు మీద వదిలేస్తే ఇంట్లో అది వైద్యం కాదు, నిందారోపణ అవుతుంది. శనివారం ఇద్దరూ వచ్చారు.

"నాకేమీ లేదు కదండీ, నాకెందుకు మందు?" అన్నాడాయన. న్యాయమైన ప్రశ్న. మగవాళ్లలో దీనికి లక్షణాలుండవు, పరీక్ష చేయించినా ఉపయోగం లేదు. అంకెలు చెప్పాను, 63, 35. ఆయన లెక్కల మనిషి, అంకెలు విన్నాక ఇంకేమీ అడగలేదు. వెళ్తూ వెళ్తూ, మాత్రలు వాడేటప్పుడు మందు తాగొచ్చా అని మాత్రం అడిగాడు. మెట్రోనిడాజోల్‌తో మద్యం అసలు కూడదని పాతకాలం నుంచి ఉన్న హెచ్చరికకు ఆధారం బలంగా లేదని ఈమధ్య కొన్ని మార్గదర్శకాలు అంటున్నాయి, కొన్ని ఇంకా వద్దనే అంటున్నాయి. నేను వద్దనే చెప్పాను. ఆ మాత్రలకు ఉన్న వికారం చాలు.

ఇద్దరూ ఒకే రోజు మొదలుపెట్టాలి, ఏడు రోజులూ కలయిక వద్దు. ఆయన ఆ వారం సెలవు పెట్టుకుని ఇంట్లోనే ఉన్నాడు. క్రీమ్ ముందరి చర్మం వెనక్కి లాగి లోపల కూడా రాయాలని బొమ్మ గీసి చూపించాను. ఈ భాగం సిగ్గుపడి మింగేస్తే వైద్యం సగమే జరుగుతుంది.

తర్వాత

నాలుగు వారాలకు ఆమె ఒక్కతే వచ్చింది. పీహెచ్ 4.0, స్లైడు నిండా లాక్టోబాసిల్లస్ కడ్డీలు. మైక్రోస్కోప్‌లో ఆమెకూ చూపించాను. పన్నెండు వారాలకు లక్షణాలు లేవు. ఆరో నెలలో ఒకసారి కంగారుగా వచ్చింది, నెలసరి తర్వాత కొద్దిగా వాసన అనిపించిందట. పీహెచ్ 4.5, క్లూ కణాలు లేవు, ద్రావణం వేస్తే వాసన లేదు. మందు రాయలేదు. వారానికి తానే సర్దుకుంది. జెల్ గానీ బోరిక్ యాసిడ్ గానీ అవసరం రాలేదు. ఒక్క పేషెంటుకు తగ్గినంత మాత్రాన భర్తకిచ్చిన మందే పనిచేసిందని నేను చెప్పలేను. కడగడం మానడం, కోర్సు పూర్తి చేయడం కూడా అదే సమయంలో జరిగాయి. వరసగా రెండోసారి తిరగబెట్టిన జంటలకు మాత్రం ఇప్పుడు ఇద్దరికీ కలిపే రాస్తున్నాను.

ఈ సమస్యను చిన్నదిగా కొట్టిపారేయలేకపోవడానికి వాసన ఒక్కటే కారణం కాదు. ఇది ఉన్నప్పుడు హెచ్ఐవీ, గనేరియా, క్లమీడియా లాంటివి అంటుకునే అవకాశం పెరుగుతుంది. గర్భాశయానికి సంబంధించిన ఆపరేషన్ల తర్వాత ఇన్ఫెక్షన్లు ఎక్కువ. గర్భిణుల్లో నెలలు నిండకముందే ప్రసవమయ్యే ముప్పుతో దీనికి సంబంధం ఉంది. రెండో బిడ్డ ఆలోచన ఉంది కాబట్టి ఈ చివరిదాని గురించి ఆమె గుచ్చి గుచ్చి అడిగింది. గర్భంతో ఉండగా లక్షణాలొస్తే మెట్రోనిడాజోల్ వాడవచ్చని, లక్షణాలు లేకుండా, ముందు నెలలు నిండని కాన్పు అయి ఉండకపోతే, అందరికీ వెతికి వెతికి పరీక్షలు చేయాల్సిన అవసరం లేదని చెప్పాను.

ఎనిమిదో నెలలో మళ్లీ ఒక కాగితంతో వచ్చింది. ఆఫీసువాళ్లు చేయించిన హెల్త్ చెకప్‌లో పాప్ స్మియర్ చేశారట. కణాల్లో తేడా ఏమీ లేదు, కానీ కింద ఒక వాక్యం ఉంది: బాక్టీరియా తీరు మారింది, బాక్టీరియల్ వెజైనోసిస్ కావచ్చు. రాత్రంతా నిద్రపోలేదని చెప్పింది.

వాసన ఉందా అని అడిగాను. లేదంది. తెల్లబట్ట? మామూలే. దురద? లేదు.

పాప్ స్మియర్ ముఖద్వారం కాన్సర్ కోసం చేసేది. బాక్టీరియల్ వెజైనోసిస్ విషయంలో దాని మాట నమ్మదగ్గది కాదు. గర్భంతో లేని, లక్షణాలు లేని స్త్రీకి ఆ వాక్యాన్ని చూసి మందు రాయక్కర్లేదు. అయినా ఫోన్‌లో మాట చెప్పి పంపిన రోజు గుర్తొచ్చి, ఈసారి పీహెచ్ పేపర్ తీశాను. 4.2.

"అయితే మందు వద్దా?" అంది.

"వద్దు."

కాగితాన్ని మడిచి బ్యాగులో పెట్టుకుంది. ప్లాస్టిక్ కవరు ఈసారి తేలేదు.